కపాల లోపములు – మెల్లకన్ను

మా శ్రీకూర్మం పరిసరాలలో మెల్లకన్ను గల బిడ్డను చూచి "అదృష్టం" అనే పెద్దలు నేటికీ కలరు. పెదవి చీలి పుట్టిన బిడ్డను గ్రహణం మొర్రి అని పిలిచి, ఆ నిందను గర్భిణియైన తల్లిపై మోపుట కూడ మనకు అలవాటే. ఈ రెండు మాటల వలన జరుగు కీడు ఒక్కటే. బిడ్డ వైద్యుని వద్దకు ఆలస్యముగా చేరును. పుట్టుకతోనే తల, ముఖముల ఎముకలలో లోపమున్న పిల్లల విషయములో ఈ ఆలస్యము చూపునే హరింపగలదు. అందుచేత ఆ సంగతిని మా విద్యార్థి సోదరులకు కొంత వివరింపదలచితిమి.

శిశువు పుర్రె ఒకే ఎముక కాదు. పలకల మధ్య అతుకులు తెరచియుండుట వలననే మెదడు పెరుగుటకు చోటు దొరకును. కొందరిలో జన్యులోపముచే ఈ అతుకులు అకాలముగా మూసికొనిపోవును. ఫ్రాన్సు దేశ వైద్యులు అపెర్ట్ 1906లోను, క్రూజాన్ 1912లోను వర్ణించిన వ్యాధులు ఇట్టివే. అప్పుడు నుదురు, ముఖమధ్యమందలి ఎముకలు వెనుకబడి, కంటిగుంటలు లోతు తగ్గి, కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొని వచ్చును.

కన్నును త్రిప్పు కండరములు ఆరు. వానిలో ఒకటి కంటిగుంట పైమూలనున్న చిన్న గిలక మీదుగా పోవును. మన నూతిగిలకను తలచుకొందము. దూలముపై గిలకను వెనుకకు జరిపి బిగించినచో త్రాడు అదే, చేద అదే; లాగు దిశ మాత్రము మారును. కంటిగుంటయే వెలుపలికి ఒరిగినపుడు తక్కిన కండరములును స్థానము తప్పును. ప్రక్కకు లాగవలసినది కొంత పైకి, పైకి లాగవలసినది కొంత వెలుపలికి లాగును. కావుననే ఇట్టి పిల్లలు పైకి చూచినపుడు కన్నులు ఎడమగుట, క్రిందికి చూచినపుడు దగ్గరగుట తరచు కనిపించును. కొందరికి ఒకటి రెండు కండరములు అసలే ఉండవు. అందుచే శస్త్రచికిత్సకు ముందు స్కానింగు తీయుట మేలు.

పారిస్ వైద్యుడు పాల్ టెస్సియర్ 1967లో రోములో తన పద్ధతులను వెల్లడించిన పిమ్మట, కపాల, ముఖముల ఎముకలను సరిచేయుట ఒక ప్రత్యేక శాఖగా ఎదిగినది. సాధారణముగా ఎముకల పని ముందు, కంటి కండరముల పని తరువాత. ఎముక కదలినచో మెల్ల కూడ మారవచ్చును గదా! అయితే ఈ వరుసను సాకుగా గొని చూపును నిర్లక్ష్యము చేయరాదు. మెదడులో ఒత్తిడి పెరిగి కంటినరము చెడుచున్నదా, రెప్పలు మూతపడక నల్లగ్రుడ్డు ఎండుచున్నదా అని మొదటినుండియు చూచుచుండవలెను. కంటి అద్దములు, మంచికంటిపై పట్టీ పసితనముననే ప్రారంభింపవలెను. వాడని కంటిని మెదడు క్రమముగా విస్మరించును; పెద్దయిన పిమ్మట కన్నును నిలువుగా నిలిపినను ఆ చూపు తిరిగివచ్చుట కష్టము.

2019లో ఆరంభమైన కంటి వెలుగు పథకము మొదట బడిపిల్లలను పరీక్షించినది. మంచిదే, కాని ఈ పిల్లలకు బడియీడు వరకు ఆగుట మిక్కిలి ఆలస్యము.

కన్నును పెరికి బల్లపై పెట్టుదురను భయము మన పల్లెలలో కలదు. అది వట్టిమాట. పైపొరను కొంచెము తెరచి, కండరమును విడదీసి, వెనుకకు జరిపియో కురుచచేసియో తిరిగి కుట్టుదురు. ఈ పిల్లలకు ఒక్కసారితో సరిపోకపోవచ్చును. అన్ని దిక్కుల చూపును సమము చేయుదుమని ఏ వైద్యుడును మాట ఈయడు. ఎదుటికి, చదువునపుడు క్రిందికి చూచు చూపు కుదిరిన చాలునందురు. ఇందుకు మనవారు ఒకప్పుడు దూరదేశము పోవలసివచ్చెడిది. 1987లో హైదరాబాదున నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు నేడు విశాఖపట్నమునను శాఖ కలదు. శ్రీకూర్మము నుండి అది ఒక పూట ప్రయాణము.