అప్పజెప్పిన పాఠమే మన పాఠము

వాషింగ్టన్ మహానగరమునకు పడమర, డల్లెస్ విమానాశ్రయమునకు చేరువగా, వర్జీనియా రాష్ట్రములో హెర్న్‌డన్ అను చిన్న పట్టణ మొకటి కలదు. 1857లో పెనుతుపానునకు చిక్కి మునిగిపోవుచున్న ఓడను విడిచిపోక, తానును దానితోగూడ సముద్రగర్భమున కరిగిన విలియం లూయిస్ హెర్న్‌డన్ అను నౌకాధిపతి పేరు దీనికి పెట్టిరి. 1879లో ఇది పట్టణముగా నేర్పడినది. ఒకప్పుడు రైలు నడచిన దారి నేడు పాదచారులకును సైకిళ్లకును బాటయై యూరి నడుమనుండి సాగిపోవుచున్నది. ఈ ప్రాంతమున కంప్యూటరు ఉద్యోగములు చేసికొనుచు కాపురమున్న తెలుగు కుటుంబములు కొల్లలు. సాయంకాలము ఆ బాటమీద నడచినచో మన మాట చెవిని పడకపోదు.

గత వసంతములో ఆ యూరిలో మా అమ్మాయి యింట నుండగా చూచిన ఒక చిన్న విషయము నన్నీ వ్యాసమునకు పురికొల్పినది. నాలుగవ తరగతి చదువు మా మనుమడు వర్జీనియా చరిత్రపాఠమును ముందు పెట్టుకొని, పసుపుపచ్చని కలముతో వాక్యములమీద గీతలు గీయుచు, పెదవులు కదలించుచు చదువుచుండెను. మఱునాడు బడిలో పరీక్ష. అరగంట గడచిన పిమ్మట తలయెత్తి, “నాలుగుసార్లు చదివేశాను తాతయ్యా, అంతా వచ్చేసింది” అని లేచెను. “అయితే పుస్తకం నాకిచ్చి అప్పజెప్పు నాన్నా” అంటిని. ఆంగ్లేయులు వలసవచ్చి ఊరు కట్టిన యేడు 1607 అనియు, ఆ యూరు జేమ్స్‌టౌన్ అనియు తడుముకొనక చెప్పెను. ఇంగ్లండునుండి వచ్చిన ఓడలు మూడని చెప్పి, సుసాన్ కాన్‌స్టంట్, గాడ్‌స్పీడ్ అని రెండింటి పేర్లు పలికి, మూడవదానికడ నిలిచిపోయెను. ఆ వచ్చినవారు అంత చిత్తడి నేలను ఏల యెన్నుకొనిరని యడుగగా వాని చూపు నా చేతిలోని పుస్తకమువైపు మరలినది. ఒడ్డునకు దగ్గరగా ఓడలు నిలుచుటకు చాలినంత లోతు నీరుండుటయు, శత్రువులనుండి కాచుకొనుటకు వీలగుటయు అందలి కారణములు. ఆ వాక్యముమీదనే వాడు రెండుమాఱులు గీత గీసియుండెను!

వాడు అబద్ధమాడలేదు, సోమరియును గాడు. నాలుగుమాఱులు కన్నులు నడచిన పుటయందలి ప్రతి వాక్యమును చిరపరిచితమై తోచును. ఆ పరిచయమునే మనస్సు పాండిత్యమని భ్రమించును. వీథిలో నిత్యము కనబడు మనిషి ముఖ మెఱుగుదుము, పేరడిగిన చెప్పలేము, చదువునందును అంతియే. చూచి గుర్తుపట్టుట వేఱు, చూడకుండ తలచుకొని చెప్పుట వేఱు. పరీక్షలోను, ఉద్యోగములోను, జీవితములోను మన కక్కఱకు వచ్చునది ఈ రెండవదియే.

మన భాషలో దీనికి చక్కని మాట యున్నది: అప్పజెప్పుట. ఒకరు మన కప్పగించిన సొత్తును భద్రముగా దాచి, అడిగిననాడు తిరిగి వారి చేతిలో పెట్టుట దాని భావము. వీథిబడి పంతులు ఈనాటి పాఠము చెప్పుటకు ముందు నిన్నటి పాఠమును పిల్లలచేత అప్పజెప్పించుకొనెడివాడు. దానిని మనము పరీక్షయనియే తలచితిమి గాని, ఆ అప్పజెప్పుటయే చదువులోని ముఖ్యభాగమని, తలచుకొన్న ప్రతిమాఱును జ్ఞాపకము గట్టిపడునని పరిశోధకులు నిరూపించుటకు చాలకాలము పట్టినది.

2006లో సెయింట్ లూయిస్ లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకొక గద్యభాగమునిచ్చి, కొందఱిచేత దానిని నాలుగు విడతలు చదివించిరి. మఱికొందఱిచేత ఒక్క విడత మాత్రమే చదివించి, తక్కిన మూడు విడతలును చూడకుండ జ్ఞాపకమున్నంత వ్రాయించిరి. అయిదు నిమిషములకు పరీక్షింపగా చదివినవారిదే పైచేయి: వారికి నూటికి 83 పాళ్లు గుర్తుండగా, రెండవవారికి 71. కాని వారము దినముల పిమ్మట చూడగా తక్కెడ తలక్రిందులైనది: చదివినవారికి నూటికి 40 పాళ్లే మిగిలెను, చూడకుండ వ్రాసినవారికి 61 పాళ్లు నిలిచెను. విచిత్రమేమనగా, తమకు బాగుగా గుర్తుండునని నమ్మినవారు పలుమాఱులు చదివినవారే. అడవిలో కాలిబాట నడచినకొలది ఏర్పడునుగాని, దూరమునుండి దానిని చూచినంతమాత్రమున నేర్పడదు. జ్ఞాపకమునకు దారియు అట్టిదే.

దీనికి తోడగు రెండవ రహస్యము ఎడము. జర్మనీ దేశస్థుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల గుంపులను తానే వల్లించుచు, ఎంత మఱచినదియు లెక్కకట్టుకొని, 1885లో ఆ ఫలితములను ప్రకటించెను. నేర్చినదానిలో మిక్కిలి భాగము మొదటి గంటలలోనే జాఱిపోవునని ఆయన కనుగొనెను. ఒక్క బిగిని 68 మాఱులు వల్లించిన ఫలము, మూడు దినములలో పంచుకొని 38 మాఱులు వల్లించినను దక్కెనని కూడ వ్రాసెను. అనగా పరీక్ష ముందురాత్రి దీపము చెంత తెల్లవాఱ్లు కూర్చుండుటకన్న, అదే కాలమును నాలుగు దినములకు పంచుట మేలు. కొంత మఱచిన పిమ్మట ప్రయాసపడి తలచుకొనుటలో ఇంపు లేదు. అయినను విద్య వేళ్లూనుట ఆ ప్రయాసలోనే.

హెర్న్‌డన్ నందలి గ్రంథాలయము పేరు ఫోర్ట్‌నైట్లీ గ్రంథాలయము. ఫోర్ట్‌నైట్ అనగా మన పక్షము. ఈ యూరి స్త్రీలు 1889లో ఒక పఠనసమాజము నేర్పఱచుకొనిరి. దాని పేరే గ్రంథాలయమునకు నిలిచినది. పక్షమున కొకమాఱు కలిసికొని చదివినది ముచ్చటించుకొనుటలో ఎడమును, అప్పజెప్పుటయు రెండును గలవు. 2007లో సిలికానాంధ్ర సంస్థ మొదలిడిన మనబడి తరగతులలో స్వచ్ఛంద గురువులు వారము వారము చెప్పు తెలుగునకును ఇదే సూత్రము పట్టును: నడుమ నున్న ఆఱు దినములలో ఇంట తలచుకొన్న పిల్లవానికి అక్షరము నిలుచును, తలచుకొననివానికి ప్రతి వారమును ఓనమాలే.

ఈ రెండు రహస్యములును ఒక్కచోట కూడియున్న తెలుగువారి సొత్తు అష్టావధానము. తిరుపతి వేంకటకవులు ఊరూర ప్రదర్శించి జనసామాన్యమునకు చేర్చిన ఆ విద్యలో, అవధాని ప్రశ్న వేయు ఒక పృచ్ఛకునికి పద్యములో ఒక పాదము చెప్పి, అతనిని విడిచి రెండవవానికడకు పోవును. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన అను అంశములు వరుసగా సాగుచుండగా, నడుమ గంట మ్రోగుచుండును, అప్రస్తుతప్రసంగి అడ్డు తగులుచుండును. మఱల మొదటివానికడకు వచ్చినప్పుడు విడిచిన పాదమును తలచుకొని తరువాతి పాదమును కట్టవలెను. తుదకు ధారణలో పద్యములన్నియు ఆమూలాగ్రముగా అప్పజెప్పవలెను. మనము దానిని దైవదత్తమని చేతులెత్తి మ్రొక్కి ఊరకుందుము. కాని ఎడమిచ్చి తలచుకొనుట, మఱల ఎడమిచ్చి తలచుకొనుట అను కూర్పు అందు ఎంత నిండుగా నున్నదో చూచినచో, ఆ విద్యనుండి సామాన్యుడును కొంత గ్రహింపవచ్చును.

అర్థము నెఱుగక వల్లెవేసిన చాలునని నా భావము గాదు. 1925లో మొదలైన అమెరికా జాతీయ స్పెల్లింగు పోటీలో మన పిల్లలు రాణించుట చూచి అది వట్టి బట్టీయని కొందఱందురు. కాని ఆ వేదికమీద పిల్లవాడు మాట యే భాషనుండి వచ్చినదో, దాని యర్థమేమో అడుగును. గ్రీకు, లాటిను ధాతువులను పట్టి వినని మాటకు సైతము అక్షరములు కూర్చును. 2024లో తుది ఘట్టమున తెలుగు మూలములు గల బృహత్ సోమ అను బాలుడు 90 సెకనులలో 29 మాటలను సరిగా చెప్పి గెలిచెను. రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఇట్టి పోటీలను ఊరూర నడపి, ఎందఱో పిల్లలకు అందఱియెదుట నిలిచి చెప్పు నలవాటును నేర్పినది. అర్థము తెలిసినది సులభముగా గుర్తువచ్చును. గుర్తుతెచ్చుకొనబోయినప్పుడే అర్థము కానిది బయటపడును.

మా మనుమడు ఆ రాత్రి పుస్తకము మూసి, తెల్లకాగితముమీద తెలిసినదంతయు వ్రాసి, పిమ్మట తెఱచి లోపములు దిద్దుకొనెను. మూడు దినముల తరువాత, పరీక్ష ముగిసిన పిమ్మట, పాత రైలుదారిమీద నడచుచుండగా నేనడిగితిని. “డిస్కవరీ తాతయ్యా! మూడో ఓడ డిస్కవరీ” అని, లోతు నీటి సంగతియు శత్రుభయమును తన మాటలలో చెప్పుచు ముందు పరుగెత్తెను.

దీనికి డబ్బక్కఱలేదు, యంత్రమక్కఱలేదు. పుట ముగియగానే పుస్తకము మూయుడు, తెలిసినది చెప్పుడు, లేదా వ్రాయుడు, తప్పులు దిద్దుకొనుడు. మఱునా డొకమాఱు, మూడవనా డొకమాఱు, వారమునకొకమాఱు తిరిగి తలచుకొనుడు. నడుమ కంటినిండ నిద్రపొండు. తల్లిదండ్రులకు నా విన్నప మొక్కటియే: రాత్రి భోజనమువేళ పిల్లలను “చదివావా?” అని యడుగకుడు, “ఇవాళ చదివింది నాకు చెప్పు” అని యడుగుడు. వారు చెప్పునంతవఱకు ఓపికతో వినుడు.