పిడికిలి నిలువా? అడ్డమా?
గుద్దే తీరుపై కరాటే శైలుల మధ్య తెగని వాదన.. అసలు బలం ఎక్కడుందంటే!

సాయంత్రం ఆరు గంటలు. బళ్లారి, హోసూరు, బరంపురం.. ఏ ఊరైతేనేం, ఏదో ఒక స్కూలు మైదానంలో ఈ దృశ్యం కనిపిస్తుంది. తెల్లడ్రస్సుల పిల్లలు బారులు తీరి ‘ఇచ్, నీ, సాన్’ అంటూ గాల్లోకి గుద్దులు విసురుతుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో పక్క రాష్ట్రం భాష, మైదానంలో జపాన్ అంకెలు!

క్లాసు అయ్యాక అసలు గొడవ మొదలవుతుంది. ‘మేం పిడికిలి తిప్పి కొడతాం, మీది ఉత్త గుద్దు’ అంటాడొకడు. ‘నువ్వు తిప్పేలోపు నేను రెండు కొడతా’ అంటాడు ఇంకో క్లాసు వాడు. పిల్లల మాటలే కదా అని కొట్టిపారేయలేం. 1980లలో సుమన్, భానుచందర్ సినిమాలు చూసి కరాటేలో చేరిన తరం ఇప్పుడు పిల్లల్ని, మనవల్ని చేర్పిస్తోంది. ‘ఏ స్టైల్ మంచిది?’ అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. ‘మా గుద్దుకు తిరుగులేదు’ అన్న జవాబును నమ్మే ఫీజు కడుతున్నారు.

ఒకినావాలో పుట్టిన చీలిక

ఈ వాదనకు మూలం జపాన్‌లోని ఒకినావా దీవి. అక్కడి నుంచి వెళ్లిన గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించారు. ఆయన పరంపరే షోటోకాన్. ఇందులో పిడికిలి నడుము దగ్గర వెల్లకిలా మొదలై, తగిలే వేళకు బోర్లా తిరుగుతుంది. చాలా శైలుల్లో ఇదే పద్ధతి.

అదే ఒకినావాలో తత్సువో షిమాబుకు 1956లో ‘ఇషిన్‌ర్యూ’ అనే కొత్త శైలి ప్రకటించారు. పిడికిలి నిలువుగానే ఉంచి, బొటనవేలు పైన ఆనించి కొట్టడం, కొట్టిన వెంటనే చెయ్యి వెనక్కి లాక్కోవడం దీని ముద్ర. మణికట్టు గట్టిగా నిలుస్తుందనీ, వేగం పెరుగుతుందనీ ఈ శైలివారి వాదన. పాత పద్ధతి మార్చడం నచ్చక కొందరు శిష్యులు ఆయనకు దూరమయ్యారు. ఒకినావాలో పనిచేసిన అమెరికా మెరైన్ సైనికులు మాత్రం నేర్చుకుని తమ దేశానికి పట్టుకెళ్లారు. పద్ధతి మార్పు దగ్గర గురుశిష్యులే విడిపోయారంటే, మన మైదానంలో పిల్లలు వాదించుకోవడంలో వింతేముంది!

ఎముకలు ఏమంటున్నాయి?

మీ చెయ్యి చాపి చూడండి. పిడికిలి నిలువుగా ఉన్నప్పుడు మోచేయి కిందికి చూస్తుంది. ముంజేతిలోని రెండు ఎముకలు ఇంచుమించు పక్కపక్కనే ఉంటాయి. బోర్లా తిప్పితే ఒకటి రెండోదాని మీదుగా అడ్డం తిరుగుతుంది. మోచేయి బయటికి పోవాలని చూస్తుంది. ఇంతవరకు నిలువు గుద్దుకే మార్కులు.

కానీ అందులోనూ తిరకాసు ఉంది. గుద్దు చూపుడు, మధ్య వేళ్ల కణుపులతో తగలాలి. నిలువు పిడికిలిలో అవి పైన ఉంటాయి. మణికట్టు కొంచెం వంచి సర్దకపోతే దెబ్బ ఉంగరం, చిటికెన వేళ్ల మీద పడుతుంది. తిప్పితే ఆలస్యమన్న మాటా పూర్తిగా నిజం కాదు. చెయ్యి దారిలో ఉండగానే పిడికిలి తిరుగుతుంది, అందుకోసం ఎక్కడా ఆగదు.

ఇంకో సంగతి. తిప్పే గుద్దునే మెల్లగా వేసి చూడండి. మనిషి బాగా దగ్గరుంటే పిడికిలి వెల్లకిలా ఉండగానే తగులుతుంది. కాస్త దూరమైతే నిలువుగా, చెయ్యి పూర్తిగా సాగితే బోర్లా. ఈ మూడింటికీ కరాటేలో వేర్వేరు పేర్లే ఉన్నాయి. షోటోకాన్‌లోనూ ‘తాతే జుకి’ అనే నిలువు గుద్దు ఉంది. అంటే ఇది ఏ శైలి గొప్పదన్న తగువు కాదు, ఎంత దూరంలో కొడుతున్నామన్న లెక్క!

వాచిన చెయ్యి నేర్పిన పాఠం

తొమ్మిదో తరగతిలో నేనూ ఈ పిచ్చిలో పడ్డాను. నిలువు గుద్దుకు చెయ్యి విరగదని మా మాస్టారు చెప్పారు. ఆ ధీమాతో ఇసుక మూటను బలంకొద్దీ గుద్దాను. చిటికెన వేలి వైపు వాచిపోయి రెండు వారాలు పెన్ను పట్టలేకపోయాను. తప్పు పిడికిలి నిలువుగా ఉండటం కాదు. మణికట్టు వంగింది, కణుపులు సరిగ్గా తగల్లేదు. అవి చూసి సరిదిద్దేవాళ్లే లేరు. ఇలా తగిలితే చిటికెన వేలి వెనక ఎముక విరగొచ్చు. డాక్టర్లు దీన్ని ‘బాక్సర్స్ ఫ్రాక్చర్’ అంటారు. ఏ శైలి ముద్రా దీన్నుంచి కాపాడదు.

పోటీల్లోనూ అంతే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే ఆడారు. కుమితేలో సరైన గుద్దుకు ఒక పాయింటు. సమయం, దూరం, ఊపు, కొట్టాక కూడా సడలని ఏకాగ్రత.. రిఫరీలు చూసేది ఇవి. పిడికిలి నిలువా, అడ్డమా అన్నదానికి వేరే మార్కు లేదు. కటా ప్రదర్శనలో మాత్రం శైలి ప్రకారం చేయాల్సిందే, అక్కడ ముద్రకు విలువ ఉంటుంది.

చేర్పించే ముందు..

అందుకే స్టైల్ పేరు అడిగే ముందు ఒకరోజు మైదానం పక్కన నిలబడి చూడండి. మాస్టారు ఒక్కొక్క పిల్లాడి మణికట్టు పట్టుకుని సరిచేస్తున్నారా? గుద్దులో కాళ్లు, నడుము కదులుతున్నాయా, ఒట్టి చెయ్యే ఆడుతోందా? జతగా నిలబెట్టి దూరం, సమయం నేర్పుతున్నారా? ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లల చేత గోడలు, పెంకులు కొట్టిస్తుంటే మాత్రం ఫీజు కట్టకుండా వచ్చేయండి.

హోసూరు తెలుగు వేరు, బరంపురం తెలుగు వేరు, యానాం తెలుగు వేరు. ఎవరి యాస వారికి ముద్దు. అయినా మాట విలువ యాసలో లేదు, చెప్పే విషయంలో ఉంది. గుద్దూ అంతే. పిడికిలి తీరు శైలికి యాస లాంటిది. దాన్ని నిలుపుకోవాల్సిందే, కానీ ఆపదలో ఆదుకునేది రోజూ చేసిన సాధనే!