బండి వెనక ఇల్లు... ఇంట్లో నీళ్లేవీ?

కారు వెనక ఇల్లు కట్టుకుని ఊళ్లు తిరగడం అమెరికాలో పెద్ద సరదా. ఆ సరదా సాగాలన్నా ఆగాలన్నా మంచం కిందో, నేల కిందో దాక్కున్న ఓ ప్లాస్టిక్ ట్యాంకు చేతిలోనే ఉంది. అది మొరాయిస్తే ఏం చేయాలి? ఎక్కడ వెతకాలి?

ఊహించుకోండి... సాయంత్రం ఆరయింది. ఆరిజోనాలో ఎర్రమట్టి దారి చివర ఓ క్యాంపు స్థలం. డాలస్ నుంచి రెండు రోజులు బండి నడుపుకుంటూ అక్కడికి చేరిందో తెలుగు కుటుంబం. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, వేసవికని ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు. పికప్ ట్రక్కు వెనక అద్దెకు తెచ్చుకున్న క్యాంపర్ ట్రైలర్. రాత్రికి అన్నం, చారు చాలనుకున్నారు. అమ్మ బియ్యం గిన్నె పెట్టి కుళాయి తిప్పింది. మంచం కింద ఎక్కడో మోటారు గుర్రుమంది. కుళాయి తుస్సుమంది. రెండు చుక్కలు రాల్చి ఊరుకుంది.

గోడ మీది గేజీ చూస్తే ట్యాంకు నిండుగానే ఉందంటోంది. పొద్దున బయల్దేరేటప్పుడు నీళ్లు బాగానే వచ్చాయి. దగ్గరి ఊరికి గంటన్నర దారి. ‘మోటారు కాలిపోయినట్టుంది నాన్నా, కొత్తది కొనాల్సిందే’ అంటూ కొడుకు తల పట్టుకున్నాడు. నాన్న మాత్రం చెవి ఒగ్గి విన్నాడు. ‘కాలిపోతే తిరగదు కదరా... గాలి పీలుస్తోంది’ అన్నాడు.

ముప్పయ్యేళ్లు పొలంలో మోటారు నడిపిన మనిషి మాట అది. ట్రైలర్ నీళ్ల కష్టాల్లో చాలావాటికి మందు ఆ మాటలోనే ఉంది. ముందు వినాలి. తర్వాత నీళ్లు వచ్చే దారినే వెనక్కి నడవాలి. సామాన్లు కొనడం ఆఖరి పని.

ట్యాంకు నెత్తిన కాదు... కాళ్ల కింద

ఇల్లు వెంటబెట్టుకుపోవడం మనకు కొత్తేం కాదు. తిరునాళ్లకు గూడుబండి కట్టినవాళ్లు బియ్యం మూటతోపాటు నీళ్ల కుండా వేసుకునే బయల్దేరేవారు. అమెరికాలోనూ కార్లు వచ్చిన కొత్తలోనే ఈ మోజు మొదలైంది. ఫ్లోరిడాలోని టాంపాలో 1919లోనే ఇలా తిరిగేవాళ్లంతా ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అని ఓ సంఘం పెట్టుకున్నారు.

ట్రైలర్లను నిలిపే ప్రైవేటు పార్కుల్లో నీళ్ల పైపు, కరెంటు, మురుగు కనెక్షన్లు ఉంటాయి. అడవుల్లో, నేషనల్ పార్కుల్లో ఆ సౌకర్యం తక్కువ. అంత పెద్ద ఎల్లోస్టోన్ పార్కులో ఈ మూడూ ఇచ్చే క్యాంపు స్థలం ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. మిగతాచోట్ల ఎవరి నీళ్లు వాళ్లే మోసుకెళ్లాలి.

మన ఇళ్లలో ట్యాంకు డాబా మీద ఉంటుంది కాబట్టి కుళాయి తిప్పితే నీళ్లు వాటంతటవే దిగుతాయి. ట్రైలర్లో ట్యాంకు కిందనే ఉంటుంది. అందుకే 12 వోల్టుల బ్యాటరీ మోటారు నీళ్లను లాగి, పైపుల్లోకి తోస్తుంది. ఒత్తిడి సుమారు 45 నుంచి 55 పీఎస్ఐకి చేరగానే తనే ఆగిపోతుంది. కుళాయి తిప్పితే ఒత్తిడి పడిపోయి మళ్లీ తిరుగుతుంది. తోసిన నీళ్లు వెనక్కి రాకుండా మోటారులోనే ఓ చెక్ వాల్వ్ ఉంటుంది. మన బోర్ల దగ్గరుండే ఫుట్‌వాల్వ్‌కు తమ్ముడన్నమాట! పార్కు పైపు తగిలిస్తే మోటారుతో పనే లేదు. ఆ ఒత్తిడే కుళాయిల దాకా వస్తుంది.

బకెట్ చెప్పే నిజం

మోటారు అసలు చప్పుడే చేయకపోతే గొడవ కరెంటుది. ఫ్యూజు, స్విచ్చి, బ్యాటరీ చార్జింగు, వదులైన తీగ... ఈ వరసలో చూసుకుంటే సరిపోతుంది.

తిరుగుతూ నీళ్లు రాకపోతేనే తికమక. వెంటనే కొత్త మోటారు కొనేసేవాళ్లున్నారు. అది బిగించాక కూడా కుళాయి తుస్సుమంటే అప్పుడు తలప్రాణం తోకకొస్తుంది. అంతదాకా రాకుండా ఓ బకెట్ పరీక్ష ఉంది. మోటారు నుంచి కుళాయిలకు వెళ్లే పైపు ఊడదీసి, ఆ మూతికి చిన్న గొట్టం తగిలించి బకెట్లో పెట్టండి. మోటారు వేయగానే నీళ్లు దూకితే మోటారు, ట్యాంకు రెండూ బాగున్నట్టే. అడ్డు ముందున్న పైపుల్లోనో, కుళాయి జల్లెడలోనో ఉంది.

దూకకపోతే రెండో మెట్టు. ఈసారి మోటారుకు ట్యాంకు నుంచి నీళ్లు వచ్చే వైపు ఊడదీసి, అక్కడ ఓ గొట్టం ముక్క తగిలించి దాని కొసను నీళ్ల బకెట్లో ముంచండి. మోటారు ఆ నీళ్లు లాగేసిందంటే అది నిక్షేపంగా ఉంది. తప్పు ట్యాంకుకీ మోటారుకీ మధ్య. బకెట్లో నీళ్లు కూడా లాగలేకపోతేనే మోటారు లోపల చూడాలి.

ఆ మధ్య దారిలో దొంగలు ముగ్గురే. ఒకటి, మోటారు ముందుండే చిన్న ఫిల్టర్. ట్యాంకుకు ఫ్యాక్టరీలో రంధ్రాలు చేసినప్పుడు పడిన ప్లాస్టిక్ రజను వచ్చి అందులో ఇరుక్కుంటుంది. రెండు, నలిగిన గొట్టం. మూడు, చలికాలం యాంటీఫ్రీజ్ లాగడానికి పెట్టే పక్క వాల్వ్. దాన్ని వేసవిలో తిరిగి ట్యాంకు వైపు తిప్పకపోతే మోటారు నీళ్ల బదులు గాలి లాగుతుంది. ఇంకో కిటుకు... మోటారు వెనక భాగంలో ఎక్కడైనా బిగింపు వదులైతే ఒక్కోసారి చుక్క కూడా బయటికి కారదు. బయటి గాలే లోపలికి పోతుంది. అందుకే తడి కోసం వెతికితే దొరకదు.

అర్ధరాత్రి మోటారు

అందరూ పడుకున్నాక, ఎవరూ కుళాయి తిప్పకుండానే మోటారు ‘డుర్ర్’మని రెండు క్షణాలు తిరిగి ఆగుతుంది. పావుగంటకు మళ్లీ! దెయ్యమేం కాదు. పైపుల్లో ఒత్తిడి ఎక్కడో తగ్గుతోందని అర్థం. సింకు కింద, టాయిలెట్ వెనక, బయటి షవర్ దగ్గర, వాటర్ హీటర్ చుట్టూ కాగితం రుమాలుతో తుడిచి చూడాలి. అది తడిస్తే లీకు దొరికినట్టే. ఎక్కడా తడి లేదంటే నీళ్లు మోటారు చెక్ వాల్వ్ గుండా తిరిగి ట్యాంకులోకే జారుతున్నాయి.

ఈ చెక్ వాల్వే ఇంకో చిత్రమూ చేస్తుంది. పార్కు పైపు తగిలించి హాయిగా కూర్చుంటే ట్యాంకు తనంతట తనే నిండి, ట్రైలర్ కింద నీళ్లు ధార కడతాయి. పార్కు ఒత్తిడి పాడైన వాల్వును తోసుకుని ట్యాంకులోకి చేరుతోందన్నమాట. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గాలి గొట్టం కూడా మూసుకుని ఉంటే ట్యాంకు ఉబ్బి పగలొచ్చు. పార్కు కుళాయికి ముందుగా ప్రెషర్ రెగ్యులేటర్ బిగించడం ఎప్పుడూ మంచిది. కొన్నిచోట్ల ఆ ఒత్తిడి ట్రైలర్ పైపులు తట్టుకోలేనంత ఉంటుంది.

నిండదు... నిండినా నిలవదు

ట్యాంకు నింపుతుంటే నీళ్లు మూతి దగ్గరే ఎగజిమ్ముతున్నాయా? నీళ్లు లోపలికి పోవాలంటే గాలి బయటికి రావాలి. ఆ గాలి గొట్టం నలిగినా, అందులో కందిరీగ మట్టిగూడు పెట్టినా కథ అక్కడే ఆగుతుంది. సన్నటి తీగతో శుభ్రం చేస్తే చాలు.

నిండుగా బయల్దేరి, గమ్యం చేరేసరికి సగమయ్యాయంటే కింద డ్రెయిన్ వాల్వ్ చూడాలి. అది బిగుతుగానే ఉంటే బండి కుదుపులకు నీళ్లు పొర్లు గొట్టంలోకి ఎక్కి, సైఫన్ పట్టి కారిపోతుండొచ్చు. ఆ గొట్టాన్ని ట్యాంకు కన్నా ఎత్తుగా వంచి బిగిస్తే ఆగుతుంది.

బరువు సంగతీ ఉంది. 40 గ్యాలన్ల ట్యాంకంటే దాదాపు 150 లీటర్లు. అంటే 150 కిలోలు. ఇద్దరు పెద్దవాళ్లు నేల కింద వేలాడుతున్నట్టే! ట్యాంకును మోసే ఇనుప పట్టీలు తుప్పు పట్టినా, వదులైనా దారిలో కుంగుతుంది. ప్రతి ప్రయాణానికీ ముందు కిందికి వంగి చూడటం తప్పనిసరి. ట్యాంకు ఇరుసుకు వెనకాల ఉంటే ఆ బరువు ట్రైలర్ ముక్కును పైకి లేపుతుంది. వేగంలో బండి తోకలా ఊగే ప్రమాదం ఉంది.

గేజీ మాట నమ్మొచ్చా?

ట్యాంకు గోడకు నాలుగు లోహపు మొనలుంటాయి. నీళ్లు ఎంతవరకు తగిలితే అంతవరకు దీపాలు వెలుగుతాయి. ఉప్పునీళ్ల పొర వాటి మధ్య పేరుకుంటే ఖాళీ ట్యాంకు కూడా నిండుగా కనిపిస్తుంది. బండి ఏటవాలుగా నిలిపినా లెక్క తప్పుతుంది. తేలికైన ఉపాయం... మొత్తం ఖాళీ చేసి, నింపేటప్పుడు గడియారం చూసుకోవడం. 20 లీటర్ల బకెట్ నిమిషంలో నిండే పైపైతే 150 లీటర్లకు ఏడున్నర నిమిషాలు. మూడు నిమిషాలకే పొర్లిందంటే ట్యాంకులో పాత నీళ్లున్నట్టు, లేదా గాలి గొట్టం మూసుకున్నట్టు.

కుళ్లిన గుడ్డు వాసన

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది దీనికే. మిగతావి ప్రయాణాన్ని చెడగొడతాయి. ఇది కడుపును చెడగొడుతుంది. వాసన ఎక్కడిదో కనిపెట్టడానికి ముక్కు చాలు. వేడినీళ్ల కుళాయిలోనే వస్తే హీటర్‌ది తప్పు. ఉక్కు హీటర్ తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఉంచుతారు. నిలవ నీళ్లలోని కొన్నిరకాల బ్యాక్టీరియా దానితో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తయారుచేస్తుంది. హీటర్ ఆపి, పూర్తిగా చల్లారాక, ఒత్తిడి వదిలేసి మాత్రమే ఆ కడ్డీని విప్పి కడగాలి. నీళ్లు లేకుండా హీటర్ వెలిగించకూడదు.

చన్నీళ్లలోనూ వాసనుంటే ట్యాంకునే కడగాలి. ప్రతి 15 గ్యాలన్లకు, అంటే 57 లీటర్లకు 60 మిల్లీలీటర్ల వాసన కలపని మామూలు బ్లీచ్ చాలు. 150 లీటర్ల ట్యాంకుకు 160 మిల్లీలీటర్లు. ముందు దాన్ని బకెట్ నీళ్లలో కలిపి పోసి, ట్యాంకు నింపి, ఒక్కో కుళాయీ బ్లీచ్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయాలి. హీటర్‌ను పక్కకు తప్పించే వాల్వ్ ఉంటే వాడుకోవాలి. రాత్రంతా ఉంచి, పొద్దున ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. బ్లీచ్‌లో వెనిగర్ కలిపితే విషవాయువు పుడుతుంది. ఆ రెండూ ఒకచోట చేరకూడదు. ట్యాంకు నింపే పైపు కూడా తాగునీళ్ల కోసం చేసిందే కావాలి. తోటకు వాడే పైపు పనికిరాదు.

చలి రాష్ట్రాల్లో ఇంకో గండం ఉంది. నీళ్లు గడ్డకడితే పైపులు పగులుతాయి. అందుకే శీతాకాలానికి ముందు ట్యాంకు, హీటర్ ఖాళీ చేసి, పైపుల్లో ట్రైలర్లకని అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ నింపుతారు. కార్లలో పోసేది విషం. దాన్ని ఈ దరిదాపులకు కూడా రానివ్వకూడదు.

అర తిప్పు... అంతే!

ఇంత జాగ్రత్త అవసరమా అనిపిస్తే గ్రాండ్ కాన్యన్ సంగతి గుర్తు చేసుకోవాలి. 1960ల్లో వేసిన పైపు, 20 కిలోమీటర్ల పొడవు. 2024 వేసవిలో అది నాలుగుచోట్ల పగిలింది. ఆగస్టు నెలాఖరులో సౌత్ రిమ్ హోటళ్లలో రాత్రి బసను కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది. అలాంటి రోజున సొంత ట్యాంకు నిండుగా, శుభ్రంగా ఉన్నవాళ్లదే ధైర్యం.

ఇంతకీ ఆరిజోనా సాయంత్రం ఏమైంది? నాన్న టార్చిలైటు పట్టుకుని మంచం కింద వంగాడు. మోటారు ముందున్న ఫిల్టర్ గిన్నె చేతికి వదులుగా తగిలింది. మట్టిదారి కుదుపులకు మర ఊడివచ్చింది. అర తిప్పు బిగించాడు. మోటారు గొంతు మారింది. కుళాయి రెండుసార్లు దగ్గి, ధార కట్టింది.

రూపాయి ఖర్చు లేదు. అమ్మ బియ్యం కడగడం మొదలుపెట్టింది.