వార్తల్లో పదం: క్లయింట్ లైబ్రరీ

కృత్రిమ మేధ వార్తల్లో ‘ఏపీఐ’ వెంటే తరచూ వినిపించే మాట క్లయింట్ లైబ్రరీ. ఒక సైట్‌లోని సమాచారాన్ని మన ప్రోగ్రాం నేరుగా అడిగి తెచ్చుకునే దారి ఏపీఐ. అందుకు కావలసిన లాగిన్, టోకెన్ (అనుమతి సంకేతం), విఫలమైతే మళ్లీ ప్రయత్నించడం వంటి పనులన్నీ చూసుకునే, ముందే రాసిపెట్టిన కోడే క్లయింట్ లైబ్రరీ.

తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌ను ఎన్నో బృందాలు తమ సొంత వికీలకూ వాడుకుంటున్నాయి. దానికి ‘ఎండబ్ల్యూఎన్’ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది. ‘రీడ్’ ఆదేశానికి పేజీ పేరు ఇస్తే అందులోని పాఠ్యం వస్తుంది. దిద్దుబాటుకు అవసరమైన టోకెన్‌ను లైబ్రరీయే తెచ్చి జతచేస్తుంది.

ఉదాహరణకు, కర్ణాటకలో 2007లో కోలారు నుంచి చిక్కబళ్ళాపురం జిల్లా విడిపోయింది. బాగేపల్లి, చింతామణి ప్రాంతాల పేజీల్లో పాత జిల్లా పేరు ఎక్కడైనా మిగిలిందేమో వెతకడానికి ఇలాంటి కోడ్ అక్కరకొస్తుంది. అయితే వికీపీడియాలో మూకుమ్మడి మార్పులు చేసే బాట్లకు (స్వయంచాలక ప్రోగ్రాములకు) ముందుగా సముదాయం ఆమోదం కావాలి.