అవ్వ నగకు ముద్ర వేయించాలా?

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. పెళ్లి కుదిరిందంటే జమ్మలమడుగు, పులివెందుల పల్లెల నుంచి కూడా జనం బంగారానికి ఈ బజారుకే వస్తారు. కొత్త నగ కొనేవాళ్లకు ఇప్పుడు పెద్ద చిక్కు లేదు, ముద్ర చూసుకుంటే సరిపోతుంది. చిక్కంతా పాతదానితోనే. అవ్వ ఇచ్చిన కాసులపేరు, జేజి మెడలో ఉండిన గుండ్లహారం, ఎప్పుడు చేయించారో ఎవరికీ గుర్తులేని కమ్మలు. ఏ ముద్రా లేకుండా బీరువాలో ఉన్న ఈ బంగారానికి ఇప్పుడు పరీక్ష చేయించాలా, హాల్‌మార్క్ వేయించాలా, కరిగించి కొత్తది చేయించుకోవాలా?

నా మట్టుకు నాకు పరీక్ష ప్రతి ఇంటికీ అవసరమే. ముద్ర మాత్రం కొందరికే. కరిగించే మాట అన్నిటికన్నా చివర రావాలి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది.

ముందు ఒక భయం తీరాలి. ముద్ర లేని బంగారం ఇంట్లో ఉండటం నేరం కాదు. హాల్‌మార్క్ 2000లో ఐచ్ఛికంగా మొదలైంది. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 తర్వాత ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు కోడ్ (హెచ్‌యూఐడీ) లేని నగను ముద్ర తప్పనిసరైన జిల్లాల్లో దుకాణదారు అమ్మకూడదు. ఈ నిబంధన అమ్మే వ్యాపారికే గానీ దాచుకున్న ఇల్లాలికి కాదు. ముద్ర లేని పాత నగను వ్యాపారి మన దగ్గర కొనుక్కోవడానికీ అడ్డు లేదు. కాబట్టి ‘ముద్ర లేదమ్మా, ఇది చెల్లదు’ అని ఎవరైనా ధర తగ్గించబోతే ఆ మాట నమ్మొద్దు.

పరీక్ష ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. నలభై గ్రాముల హారం నిజంగా 22 క్యారెట్లదైతే అందులో మేలిమి 36.64 గ్రాములు. 20 క్యారెట్లదైతే 33.32 గ్రాములే. తేడా మూడు గ్రాముల పైచిలుకు. గ్రాము పది వేలు దాటిన రోజుల్లో ఇది ముప్పై వేలకు మించిన మాట. ఏ వన్నెదో తెలియకుండా కౌంటరు ముందు కూర్చుంటే ఆ ముప్పై వేలు ఎవరి పక్కకు పోతాయో వేరే చెప్పాలా? పాత చీటీలో తులమని రాసి ఉంటే అది 11.66 గ్రాముల తులమో, ఇప్పటి పది గ్రాముల తులమో కూడా చూసుకోవాలి. నగ మీద కేడీఎం అని కొట్టి ఉంటే దాన్ని హాల్‌మార్క్ అనుకోవద్దు. కాడ్మియం కలిపిన టంకంతో అతికారని మాత్రమే దానర్థం. ఆ పొగ పనివాళ్ల ఊపిరితిత్తులు తినేస్తుందని తెలిశాక ఆ పద్ధతి వద్దన్నారు.

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి ఎవరైనా నేరుగా నగ పట్టుకెళ్లవచ్చు. నాలుగు నగల దాకా మొత్తం 200 రూపాయలు, ఐదు గానీ అంతకు మించి గానీ ఉంటే నగకు 45 రూపాయలు. రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తారు. ఒక్కటి గుర్తుండాలి. ఎక్స్‌రే యంత్రం పైపొరను చదువుతుంది. లోపల లక్క నింపిన గుండ్లలోనూ, టంకం ఎక్కువ పడ్డ పాత పనిలోనూ ఒకే చోట చూస్తే నిజం తేలదు. నాలుగు చోట్ల చూడమని అడగాలి. పూర్తిగా తేల్చేది పుటం పెట్టే పరీక్షే, దానికి నగలోంచి కొంచెం లోహం తీయాలి. అవ్వ నగను గీకడానికి మనసొప్పదు. ఆ నగ ఇంట్లోనే ఉండబోతుంటే ఒప్పుకోనక్కర్లేదు కూడా.

హాల్‌మార్క్ వేయించాలంటే రిజిస్టరైన నగల వ్యాపారి ద్వారా పంపాలి. కూతురికి పెట్టబోయే నగకు ఆ ముద్ర వల్ల కొత్తగా కలిసొచ్చేదేమీ లేదు. 2021కి ముందు పాత పద్ధతిలో హాల్‌మార్క్ పడిన నగలు ఇప్పటికీ చెల్లుతాయి, వాటికి మళ్లీ వేయించే పని లేదు.

చూసి చెప్పేవాడి మాట మీద ధర నిలవడం ఈ సీమకు కొత్త కాదు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే జమ్మలమడుగు పక్కనున్న గండికోటకు వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు ముత్యాలు అమ్మాలన్నది అతని ఆశ. తన వజీరు మీర్ జుమ్లా చూడనిదే సుల్తాను విలువైనదేదీ కొనడని తెలిసి, కోటలో ఉన్న మీర్ జుమ్లాకు ముందుగా సరుకు చూపించాడు.

ముద్ర వేసిన చెయ్యీ పొరబడుతుంది. అమెరికాలో పాత క్రీడాకారుల కార్డులకు మార్కులు వేసే పీఎస్ఏ సంస్థ 1991లో మొట్టమొదట గ్రేడ్ చేసింది హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డునే. పదికి ఎనిమిది వేసింది. ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలందారు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. మన హాల్‌మార్క్‌కు కనీసం చట్టం అండ ఉంది. ముద్ర ఉన్న నగలో వన్నె తగ్గిందని తేలితే, ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా కొన్నవాళ్లకు రావాలి.

కాసులపేరు సంగతి మాత్రం విడిగా చెప్పాలి. చాలావాటిలో ఉండేవి అచ్చు వేసిన పలుచని కాసులే. కొన్ని పాత ఇళ్లలో అసలు బ్రిటిష్ సవరన్లు ఉంటాయి. ఒక్కోటి 7.99 గ్రాములు, 22 క్యారెట్లు. 1918లో కొన్నిటిని బొంబాయి టంకశాలలోనే ముద్రించారు. గుర్రం మీది వీరుడి కింద, సంవత్సరానికి పైన సన్నగా ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఉంటే అది బొంబాయి సవరను. కొక్కెం అతికినదైతే, తొలిచినదైతే గ్రేడింగు సంస్థలు దానికి మామూలు మార్కులు వేయవు, దెబ్బతిన్న నాణెమని రాసిస్తాయి. అలాంటిదానికి గ్రేడింగు పేరుతో డబ్బు పోయడం దండగ, బంగారం లెక్కన చూసుకోవడమే మేలు. దేవుడి గూట్లో విడిగా, చెక్కుచెదరకుండా ఉన్న నాణెమైతే తోమొద్దు, చింతపండు పులుసులో వేయొద్దు. నాణేలు తెలిసిన ఒకరిద్దరికి చూపించేదాకా కరిగించొద్దు.

గ్రేడింగు చేయించడానికి అమెరికాలో ఉన్న కొడుకు చేతికిచ్చి పంపుదామనుకుంటారు కొందరు. వందేళ్లు నిండిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. ప్రైవేటు మనుషులు దాన్ని దేశం దాటించకూడదు. పొలంలోనో పాడుబడ్డ గోడలోనో దొరికిన నాణెమైతే అది ఇంటి సొత్తే కాదు, 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి.

పులివెందుల పక్క అరటి, చీనీ రైతులకు బంగారమంటే పంట పెట్టుబడి. రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం తాకట్టు నగను అప్పు తీసుకునేవారి ఎదుటే పరీక్షించాలి. బరువు, వన్నె, రాళ్లకు తీసేసిన తరుగు రాసివ్వాలి. సొంత అవసరాలకు తీసుకునే రెండున్నర లక్షల లోపు అప్పయితే నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. మన చేతిలో ముందే పరీక్ష రిపోర్టు ఉన్నా బ్యాంకు తన పరీక్ష తాను చేస్తుంది. రెండిటి మధ్య తేడా వస్తే ఎందుకని అడిగే వీలు రైతుకు ఉంటుంది.

రిపోర్టు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకునే రోజున. తూకం సమానంగా పంచినా, ఒకరికి 22 క్యారెట్ల గాజులు, ఇంకొకరికి లక్క నింపిన గుండ్లు పోతే ఆ మాట ఏళ్ల తరబడి నానుతుంది. పంపకానికి ముందే అన్ని నగలూ ఒకేసారి పరీక్షకు ఇచ్చి, ఏ నగలో మేలిమి ఎంతో అందరి ముందూ రాసుకుంటే బాగుంటుంది. ఇక జేజి మెడలోని హారం తనకే కావాలని ఎవరైనా అంటే, అందులోని మేలిమికి ఆ రోజు ధర కట్టి తక్కినవాళ్ల వాటా డబ్బుగా ఇవ్వొచ్చు. హారం తెగదు, కరగదు.