వార్ధక్యమున జ్ఞాపకశక్తి – పోషక మాత్రల ప్రయోజనము ఎంతవరకు?

నెల మొదటి దినములలో వృద్ధులకు పింఛను సొమ్ము చేతికి వచ్చును. సరిగా ఆ సమయముననే ఏదో ఒక డబ్బా చేతబట్టుకొని వర్తకుడు గ్రామమునకు వచ్చుటయు కలదు. "ఈ పొడి పాలలో కలిపి త్రాగినచో మతిమరుపు పోవును, నరములు బలపడును" అని అతడు చెప్పును. ఇట్టి వస్తువు కొనవచ్చునా, కూడదా అని గ్రామస్థులు పంచాయతీ సభ్యులను అడుగుట సహజము. సరియైన సమాధానము చెప్పుటకు సభ్యులు రెండు సంగతులు తెలిసికొనవలెను. శరీరములో ఒక పోషక పదార్థము లోపించినప్పుడు దానిని మాత్ర రూపమున ఇచ్చుట చికిత్స. లోపము లేనివారు మేధస్సు పెరుగునను ఆశతో మాత్రలు మ్రింగుట వేరొక విషయము.

బి-12 విటమిను లోపము

మెదడునకు, నరములకు, రక్తమునకు అత్యవసరమైనది బి-12 విటమిను. దినమునకు కావలసినది రెండు మైక్రోగ్రాములకు కొంచెము మించి మాత్రమే. మైక్రోగ్రాము అనగా గ్రాములో పది లక్షలవ వంతు. ఇంత స్వల్పమైనను ఇది బియ్యము, పప్పులు, కూరగాయలలో లభింపదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలోనే ఉండును. ఇంటి పాలన్నియు పాలకేంద్రమునకు పోసి, పలుచని మజ్జిగతో సరిపుచ్చుకొను శాకాహార వృద్ధులకు ఇది చాలినంత అందదు.

ఆహారములో ఉన్నంత మాత్రమున చాలదు. జీర్ణాశయములోని ఆమ్లము ఈ విటమినును ఆహారమునుండి విడదీయవలెను. పిదప జీర్ణాశయమునందే ఊరు ఒక ప్రత్యేక పదార్థముతో కలిసి, చిన్న ప్రేగు చివరి భాగమున రక్తములోనికి చేరవలెను. వయస్సు మీరినకొలది కొందరిలో ఈ ఆమ్లము తగ్గును. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మాత్రలను, కడుపు మంటకు ఆమ్లము తగ్గించు మాత్రలను ఏండ్ల తరబడి వాడువారిలో కూడ ఈ లోపము ఏర్పడవచ్చును. కాలేయములో నిలువ ఉండుటచేత లోపము వెంటనే బయటపడదు; కొన్ని ఏండ్ల తరువాత తెలియును.

పాదములలో తిమ్మిరి, నడకలో తూలుట, నాలుక మంట, నీరసము, మతిమరుపు దీని లక్షణములు. ఇంటివారు "ముసలితనము, చాదస్తము" అని ఊరకుందురు. ఇదియే ప్రమాదము. సకాలమున గుర్తించినచో మాత్రలతోనో, సూదిమందుతోనో చాలవరకు నయమగును. ఆలస్యమైనచో నరములకు కలిగిన హాని శాశ్వతముగా నిలిచిపోవచ్చును.

ఒక హెచ్చరిక

భీమవరమున 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు తెలుగువారికి గర్వకారణమైన శాస్త్రజ్ఞులు. ఆయన నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. రక్తహీనతకు అది గొప్ప ఔషధము. కాని బి-12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లము ఒక్కటే ఇచ్చినచో, రక్తము బాగుపడినట్లు కనిపించుచుండగా నరములకు హాని లోలోపల పెరుగుచునే ఉండవచ్చును. కనుక మేలైన మందు కూడ వైద్యుని సలహా లేకుండ వాడదగదు.

లోపము లేనివారి సంగతి

గింకో అను చెట్టు ఆకుల సారము జ్ఞాపకశక్తిని కాపాడునని ప్రచారము కలదు. అమెరికాలో మూడు వేలమందికి పైగా వృద్ధులపై సుమారు ఆరేండ్లు దీనిని పరీక్షించిరి. చిత్తవైకల్యము రాకుండ అది ఆపలేదని 2008లో ఫలితములు వెలువడినవి. అన్ని విటమినులు కలిసిన మాత్రలు వాడినవారిలో జ్ఞాపకశక్తి పరీక్షలయందు స్వల్పమైన మెరుగుదల ఇటీవలి పరిశోధనలలో కనిపించినది. కాని అవి వ్యాధిని నివారించునని దానివలన తేలలేదు. బి, ఇ విటమినులను, చేపనూనె వంటివానిని చిత్తవైకల్య నివారణకై సిఫారసు చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. వ్యాయామము, పొగాకు మానుట, రక్తపోటును, మధుమేహమును అదుపులో నుంచుట మేలని ఆ సంస్థయే తెలిపినది. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా చిత్తవైకల్యముతో బాధపడుచున్నారని 2023లో ప్రకటితమైన అంచనా. కావున ఇది ఏ ఒక్క గ్రామమో ఉపేక్షింపదగిన విషయము కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. మతిమరుపు, తిమ్మిరి, నడకలో తూలుట గల వృద్ధుల ఇండ్లను ఆశా కార్యకర్త సాయముతో గుర్తించి, వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. థైరాయిడు లోపము, వినికిడి లోపము, మనోవ్యాకులత కూడ మతిమరుపుగా కనిపించును. వీనికి చికిత్స కలదు.

2. వారు వాడుచున్న మందులన్నింటిని వైద్యునికి చూపుమని చెప్పవలెను. రక్తము పలుచబరచు మందు వాడువారికి గింకో వంటివి రక్తస్రావము కలిగింపవచ్చును.

3. డబ్బాపై ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు సంఖ్య, గడువు తేదీ ఉన్నవో లేవో చూడవలెను. పోషక పదార్థముగా లైసెన్సు పొందిన వస్తువు రోగము కుదుర్చునని చెప్పి అమ్మరాదు.

4. వృద్ధులు నడచుటకు సురక్షితమైన బాట, సాయంకాలము నలుగురు కూర్చొని మాట్లాడుకొనుటకు రచ్చబండ, పత్రికలు చదువుకొనుటకు గ్రంథాలయము ఏర్పరచవలెను.

వృద్ధుని భోజనములో ఒక గిన్నె గడ్డపెరుగు, పప్పు, ఆకుకూర, తినువారికి గ్రుడ్డు ఉండునట్లు చూచుట ప్రతి కుటుంబము చేయగల పని. లోపమున్నవానికి మందు అందవలెను. లోపము లేనివాని పింఛను సొమ్ము వృథా కారాదు. ఈ వివేకమును గ్రామస్థులకు కలిగించు బాధ్యత పంచాయతీ సభ్యులది.