కళ్లది కాదు తప్పు

షార్జాలోని మా ఇంటికి వచ్చిన అమ్మ పెట్టెలో ఈసారి పుస్తకాలు లేవు. ‘బరువెందుకు, నీ ట్యాబ్‌లో ఉంటాయిగా’ అంది. గురజాడ ‘కన్యాశుల్కం’ ఈ-బుక్ తెరిచి ఇచ్చాను. రెండు పేజీలకే పక్కన పెట్టేసింది. ‘కళ్లు లాగుతున్నాయిరా.’

వయసనుకున్నాను. తీరా చూస్తే వాక్యాలు మధ్యలో తెగి కింది వరుసలో పడుతున్నాయి. పై అక్షరం ఒత్తు కింది అక్షరం గుడికి తగులుతోంది. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు మరి.

శుక్రవారం సెలవు పూట, అసలు ఫైల్‌కు కాపీ దాచి, క్యాలిబర్ తెరిచాను. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇందులో ఈపబ్‌ను మళ్లీ ఈపబ్‌గానే మార్చుకోవచ్చు. మార్చేటప్పుడు ‘హ్యూరిస్టిక్ ప్రాసెసింగ్’ ఎంచుకుంటే తెగిన వాక్యాలు చాలావరకు అతుక్కుంటాయి. ‘లుక్ అండ్ ఫీల్’లో వరుసల ఎడం పెంచి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి ఫాంట్‌ను పుస్తకంలోనే చేర్చాను. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లకు మాత్రం ఇది పనిచేయదు. అవి అక్షరాలు కావు, పేజీల ఫొటోలు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు చదవడం మానేస్తే, కళ్లజోడు మార్చేముందు ఒకసారి పుస్తకాన్నీ చూడండి.

ఆ రాత్రి గదిలోంచి నవ్వు వినిపించింది. ‘ఏమైందమ్మా?’ అన్నాను.

‘గిరీశం’ అంది, తల ఎత్తకుండానే.